కరెంటుకి ముందు ఒకటి

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ముందు గదిలో కుర్చీలో నాన్న. వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని అమ్మ. శనివారం ఒంటిపూట పని కాబట్టి లాండ్రీ నుంచి అప్పుడే వచ్చి, చెప్పులు కూడా విప్పని మేనత్త. ఊరి నుంచి పొద్దుటి బస్సుకి వచ్చి గోడకి ఆనుకుని కింద కూర్చున్న బాబాయి. కిటికీ దగ్గర ఉతికిన బట్టలు మడతపెడుతూ నేను.

ఐదుగురిలో మాట్లాడుతున్నది ముగ్గురే. మాట్లాడకూడదని నాన్నకి డాక్టరు చెప్పాడు. నాకు ఎవరూ చెప్పలేదు.

"ఆఖరిసారి అడుగుతున్నా," అంది అమ్మ. "ఆయన చేతికి సిగరెట్టు ఇచ్చిందెవరు?"

"నన్ను చూసి అడుగుతావేం వదినా? నేను మానేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు," అన్నాడు బాబాయి.

"నువ్వు మానేశావా? పిల్లి పాలు మానేసిందంటే నమ్మమంటావు."

"కావాలంటే నా చొక్కా వాసన చూడు."

"నీ చొక్కా వాసన చూసే ఓపిక నాకు లేదు. ఆయన ఊపిరిలో వాసన మిషను చూసి చెప్పింది. అది చాలు."

నాన్న తన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ చేతుల్నే చూసుకుంటున్నాడు. వేళ్ళ మీద నిప్పురవ్వలు పడిన పాత మచ్చలున్నాయి. ఇరవై ఆరేళ్ళు వెల్డింగు చేసిన చేతులవి.

అమ్మ అన్న మిషను అరచేతిలో పట్టేంత ఉంటుంది. అంతకు ముందురోజు, శుక్రవారం ఆసుపత్రిలో దాన్ని నేనూ చూశాను. డాక్టరు ముందు నాన్న ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి గొంతులోని గడ్డని చూశాడు. చాలాసేపు చూశాడు. "ముప్పై అయిదు కరెంట్లలో ఇవాళ్టిది ఇరవయ్యోది. ఈపాటికి బాగా కరగాలి. ఇది పెద్దగా కరగలేదే," అన్నాడు. రేడియేషన్ని మేమందరం కరెంటు పెట్టడం అనే అంటాం. మాతో మాట్లాడి మాట్లాడి డాక్టరుకీ అదే అలవాటైంది.

తర్వాత ఆ చిన్న మిషను నాన్న చేతిలో పెట్టి, ఊపిరి బిగబట్టి మెల్లగా ఊదమన్నాడు. అంకె పెరుగుతూ పోయి ఇరవై ఒకటి దగ్గర ఆగింది.

"సిగరెట్టు తాగనివాళ్ళు ఊదితే అయిదారు దాటదు," అన్నాడు డాక్టరు. నాన్నని చూశాడు. తర్వాత నా తల మీదుగా తలుపు వైపు చూసి, "ఇంటి పెద్దవాళ్ళెవరైనా వచ్చారా?" అని అడిగాడు. ఎవరూ రాలేదంటే అమ్మా అత్తా పనిచేసే లాండ్రీకి ఫోను చేయించాడు.

మిగిలిన పదిహేనూ అయ్యాక కూడా కరగకపోతే స్వరపేటిక మొత్తం తీసెయ్యాల్సి రావచ్చని ఆ ఫోనులోనే అమ్మకి చెప్పాడు. అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి విన్నదట. దుప్పటి కాలిన వాసన వచ్చాక గానీ ఇస్త్రీపెట్టె ఎత్తలేదని అత్త చెప్పింది.

"పోనీలే అమ్మాయ్," అంది అత్త ఇప్పుడు, అమ్మతో. "తాగితే తాగాడు. నిండా మునిగినవాడికి చలేమిటి?"

"మునగలేదు వదినా. ఇంకా పదిహేను కరెంట్లున్నాయి. మునిగాడని నువ్వనకు."

"నేనన్నానా? మాటవరసకి అన్నా."

"మాటవరసకి కూడా వద్దు."

ఇల్లు అత్తది. నాన్న వైద్యం కోసం నెలరోజులుగా మేం ముగ్గురం ఇక్కడ ఉంటున్నాం. తన ఇంట్లో తనే నోరు మూసుకోవాల్సి రావడం అత్తకి కొత్త. చెప్పులు విప్పబోయి మానేసి మళ్ళీ మాట అందుకుంది.

"సరే, లెక్కగా ఆలోచిద్దాం. తమ్ముడు మూడంతస్తులు దిగి కొట్టుకి వెళ్ళడు, వెళ్ళినా ఎక్కలేడు. నువ్వూ నేనూ పొద్దున్న పోతే సాయంత్రం గానీ రాం. ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఈ పిల్ల."

అందరూ నన్ను చూశారు. నా చేతిలో నాన్న చొక్కా ఉంది. సగం మడత మీద ఆగిపోయింది.

"ఇదా!" అంది అత్తే మళ్ళీ. "ఉప్పు ప్యాకెట్టు తెమ్మంటే, వచ్చినవాళ్ళందరికీ దారిచ్చి దారిచ్చి, కొట్టువాడు తలుపులేసుకున్నాక ఖాళీ చేతుల్తో వస్తుంది. ఇది సిగరెట్టు అడుగుతుందా? అడిగినా వాడికి వినపడద్దూ!"

అంత గొడవలోనూ బాబాయికి నవ్వొచ్చింది. "మా నత్త సంగతి వదిలెయ్యండి," అన్నాడు. చిన్నప్పటి నుంచీ బాబాయి నన్ను నత్తా అనే పిలుస్తాడు. అమ్మ మూతి కూడా ఒక క్షణం వదులైంది.

నాన్న ఒక్కడే నవ్వలేదు.

నేను చొక్కా మడత పూర్తి చేసి, దాని మీద ఇంకోటి పెట్టాను. నన్ను అనుమానించనందుకు హాయిగా అనిపించాలి. అనిపించలేదు. తప్పు చేయడానికి కూడా నేను చాలనని వాళ్ళందరిదీ ఒకటే నమ్మకం.

సిగరెట్లు తెచ్చింది నేనే.

ఊళ్ళో ఉన్నప్పుడు నాన్న నాతో మాట్లాడింది తక్కువ. వెల్డింగు షెడ్డులోనే పొద్దు పోయేది. ఇంటికొచ్చాక అన్నం, నిద్ర. నా పదహారేళ్ళలో ఆయన నాతో అన్న మాటలన్నీ కలిపి రాస్తే ఒక పేజీ నిండదు. ఇక్కడికొచ్చిన మొదటివారమే గుసగుసగా కూడా మాట్లాడకూడదని డాక్టరు కట్టడి చేశాడు. ఆసుపత్రిలో మా వంతు కోసం కూర్చున్నప్పుడు నాన్న నా సంచీలోంచి డైరీ తీసుకున్నాడు. నేను రాసింది చదవలేదు. పుస్తకం తిరగేసి, వెనక నుంచి మొదలుపెట్టి ఒక మాట రాసి నాకు చూపించాడు.

"దాహం వేస్తోందా?"

అలా మొదలైంది. తర్వాత్తర్వాత పేజీలు పేజీలు రాశాడు. పద్నాలుగేళ్ళకి మొదటిసారి గేటు అతికితే అది తలకిందులుగా వచ్చిందట. నల్లద్దం పెట్టుకోకుండా వెల్డింగు చూసి రెండు రోజులు కళ్ళు తెరవలేకపోయాడట. నేను పుట్టిన రోజు ఎవరిదో ట్రాలీ కింద పడుకుని పని చేస్తున్నాడట, కబురు చెప్పడానికొచ్చినవాడికి కాళ్ళు మాత్రమే కనిపించాయట. బళ్ళో నాకు స్నేహితులు లేరు. ఇక్కడ బడే లేదు. ఆసుపత్రి బెంచీ మీద ఆ పుస్తకం అటూ ఇటూ మారుతుంటే, నాతో కబుర్లు చెప్పడానికి ఒక మనిషి దొరికినట్టుండేది.

ఎనిమిదో కరెంటు రోజు రాశాడు. "ఒక్కటి తెచ్చిపెట్టు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను."

మొదటి వాక్యం ఒకసారే చదివాను. రెండోది చాలాసార్లు చదివాను.

ఆసుపత్రి ఎదురుగా కొట్టులో ముసలాయనకి చెవులు వినపడవు. వేలితో చూపిస్తే చాలు. మొదటి రోజు నాన్న కరెంటు అయ్యాక తాగాడు. గొంతు మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో రోజు నేనే అన్నాను, "ముందే తాగెయ్ నాన్నా. అప్పుడు గొంతు కాస్త నెమ్మదిగా ఉంటుంది కదా," అని. నా తెలివికి నాన్న తల ఊపి మెచ్చుకున్నాడు. ఆనాటి నుంచీ రోజూ ఆసుపత్రి జనరేటరు గది వెనక, కరెంటుకి ముందు ఒకటి.

నేనూ అత్తలాగే అనుకున్నాను. రావాల్సిన జబ్బు వచ్చేసింది, పొగ ఇంకేం చేస్తుందిలే అని.

శుక్రవారం డాక్టరు చూశాక, నాన్న మందపాటి తలుపు అవతల కరెంటు మిషను కింద పడుకున్నప్పుడు, దాన్ని నడిపే అక్క బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆవిడ గదిలో ఇంకో ఆయన కంప్యూటరు తెరలు చూస్తున్నాడు. ఆవిడని నేను మనసులో మిషనక్క అనుకుంటాను. మా ఇద్దరికీ మాటలు లేవు, రోజూ ఆవిడ నవ్వుతుంది, నేను నేల చూస్తాను.

"మీ నాన్నగారు ఏం పని చేస్తారు?"

"వెల్డింగు. గ్యాసు కటింగు కూడా."

"అయితే నీకు తొందరగా అర్థమవుతుంది. ఈ కిరణం తగలగానే గడ్డ చచ్చిపోతుందనుకుంటారందరూ. అది కణాన్ని లోపల గాయపరుస్తుంది, అంతే. ఆ క్షణంలో అక్కడ ఆక్సిజన్ ఉంటే గాయం అలాగే నిలిచిపోతుంది, మానదు. ఆక్సిజన్ లేకపోతే ఆ కణం తన గాయం తనే అతుక్కుని లేచి కూర్చుంటుంది."

"గడ్డలో ఆక్సిజన్ ఉండదా?" నెలరోజుల్లో నేను ఆవిడని అడిగిన మొదటి ప్రశ్న.

"అంచుల్లో ఉంటుంది. గడ్డ ఆబగా పెరిగిపోతుంది, రక్తనాళాలు దాన్ని అందుకోలేవు. నడిమధ్యలో ఉన్నవాటికి ఊపిరాడదు. అవి మొండివి. వాటిని చంపాలంటే రెండింతలు, ఒక్కోసారి మూడింతలు కిరణం కావాలి. ఒక్కసారే అంత పెడితే మనిషి గొంతు మిగలదు. అందుకే రోజూ కొంచెం కొంచెం. పైవి పోతున్నకొద్దీ లోపలివాటికి గాలి తగులుతుంది. గాలి తగిలినవి మర్నాడు మనకి దొరుకుతాయి."

"మరి... సిగరెట్టు?"

"పొగలో ఒక వాయువుంది. రక్తంలో ఆక్సిజన్ కూర్చునే సీట్లలోకి అది ముందే ఎక్కేస్తుంది. ఓ పట్టాన దిగదు. అందులో సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. అప్పటిదాకా గడ్డకి అందాల్సిన ఆ కాస్త ఆక్సిజనూ ఇంకా తగ్గిపోతుంది." ఆవిడ మందపాటి తలుపు వైపు చూసింది. "ఎప్పుడు తాగినా తప్పే. కానీ మిషను ఎక్కే ముందు తాగడం ఉంది చూడు, అంతకంటే చెడ్డ వేళ ఇంకోటి లేదు."

ఆవిడ నా మొహం చూడలేదు. నా ఒళ్ళో ఉన్న సంచీ చూసింది. సంచీలో అగ్గిపెట్టె ఉంది.

"గడ్డ కరగకపోవడానికి ఇదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు," అంది లేస్తూ. "కారణం కాదని కూడా ఎవరూ చెప్పలేరు."

ఇప్పుడు అదంతా లోపలే పెట్టుకుని బట్టలు మడతపెడుతున్నాను.

"శనివారం శనివారం వచ్చేది నువ్వు," అంటోంది అమ్మ. "డాబా మీదికి తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టేది నువ్వు. అక్కడ ఏం చేస్తారు మీరిద్దరూ, చుక్కలు లెక్కపెడతారా? మిట్టమధ్యాహ్నం చుక్కలు కూడా ఉండవే!"

"ఇప్పుడు షెడ్డు చూసుకునేది నేనేగా, ఆ సంగతులు చెప్తా వదినా. ఏ పని వచ్చింది, ఎవడు సతాయిస్తున్నాడు... ఆయనకి అవి తప్ప ఏం కావాలి?"

"అయితే శుక్రవారం మిషనులో పొగ కనపడిందేం? శనివారం నువ్విచ్చి పోతే దాచుకుని తాగుతున్నాడన్నమాట."

"వదినా, నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల్ని లాగకు. నీకు సిగ్గు లేకపోతే వాళ్ళేం చేశారు?"

బాబాయి మొహం నల్లబడింది. లేచి నాన్న కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా. నువ్వైనా చెప్పు. నోటితో వద్దు, రాసి చెప్పు. నేనిచ్చానా?"

నాన్న చెయ్యి చాపాడు. అత్త నా సంచీలోంచి డైరీ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. పెన్సిలు అందించింది. నాన్న వెనక పేజీలు తిప్పి ఖాళీ పేజీ దగ్గర ఆగాడు. పెన్సిలు ముక్కు కాగితానికి ఆనింది.

ముగ్గురూ పెన్సిలుని చూస్తున్నారు. నేను నాన్నని చూస్తున్నాను. నాన్న నన్ను చూశాడు.

"రాయి అన్నయ్యా."

నాన్న పెన్సిలు పుస్తకంలోనే ఉంచి మూసేశాడు.

కింది అంతస్తులో ఎవరో కుళాయి విప్పి కట్టారు.

"చాలా?" అంది అమ్మ, బాబాయితో. "కాదని రాయడానికి ఒక్క గీత చాలు. రాయలేదు. ఇక మీదట శనివారాలు రావద్దు. పదిహేను కరెంట్లూ అయ్యాక కబురు పెడతా."

బాబాయి లేచి చేతిసంచీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "షెడ్డులో నల్లద్దం ఒకటి పగిలింది. కొత్తది తెచ్చి పెట్టా," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. వెళ్ళిపోయాడు.

నేను బట్టలు పక్కన పెట్టి లేచాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

రెండో అంతస్తు మలుపులో బాబాయిని అందుకున్నాను. చొక్కా వెనక పట్టుకుని లాగాను.

"ఏమే నత్తా? ఏమైనా మర్చిపోయానా?"

"నేను."

"నువ్వేమిటి?"

"నేను తెచ్చా. సిగరెట్లు."

ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేసి మెట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వా? కొట్లో అడిగావా?"

"వేలితో చూపించా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిదో కరెంటు నుంచి. రోజుకొకటి. కరెంటుకి ముందు. ముందు తాగమన్నది కూడా నేనే." మిషనక్క చెప్పిందంతా చెప్పాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అన్ని మాటలు ఒకేసారి బాబాయితో ఎప్పుడూ చెప్పలేదు.

బాబాయి వింటూ వింటూ సంచీ తాడు వేలికి చుట్టుకున్నాడు.

"నేనక్కడ దొంగలా నిలబడితే బట్టలు మడతపెడుతూ కూర్చున్నావన్నమాట."

తల ఊపాను.

"ఆయన కూడా కూర్చున్నాడు." ఆ మాట మెల్లగా అన్నాడు. నా తప్పు కంటే అది ఎక్కువ నొప్పి పెట్టినట్టుంది. "మా అన్న. ఒక గీత గీయలేకపోయాడు."

"పైకి రా బాబాయ్. నువ్వు పక్కనుంటే చెప్తా."

"నేను రాను. వస్తే, నేను చెప్పించానంటుంది మీ అమ్మ." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "అయినా నాతో చెప్తే ఏం లాభమే? కరెంటు నాకు పెడుతున్నారా? ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పు."

"నాకు మాట రాదు."

"ఇప్పుడు వచ్చిందిగా."

దిగిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు కింద వీధి చప్పుళ్ళలో కలిసేదాకా నిలబడ్డాను. తర్వాత ఒక్కదాన్నే ఎక్కాను. మా పల్లెటూళ్ళో అన్నీ నేల మీది ఇళ్ళు. మెట్లెక్కుతుంటే ఎవరింటికో వెళ్తున్నట్టుంటుంది నాకు.

అత్త చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. అమ్మ వంటింట్లో ఏదో గట్టిగా తోముతోంది. నాన్న అలాగే ఉన్నాడు, ఒళ్ళో పుస్తకంతో. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారే, చిన్నగా. నేను కిందికెందుకు వెళ్ళానో, పైకెందుకు వచ్చానో ఆయనకి తెలిసిపోయింది.

"అమ్మా," అన్నాను. "బాబాయి కాదు. నేను."

గిన్నె చప్పుడులో అమ్మకి వినపడలేదు.

"ఏమిటే గొణుగుతున్నావు? తలనొప్పా?" అంది అత్త.

"సిగరెట్లు తెచ్చింది బాబాయి కాదు. నేను తెచ్చాను."

తోముడు ఆగింది. అమ్మ తడిచేతులతో వచ్చి నా ముందు నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఎందుకు తెచ్చావు?"

"నాన్న రాశాడు. తెమ్మని."

"ఎక్కడ?"

పుస్తకం వైపు చూశాను. అమ్మ కూడా చూసింది. నాన్న దాని మీద చెయ్యి వేశాడు.

"రోజూ అందులో మీరిద్దరూ రాసుకుంటుంటే, నొప్పుల గురించి అనుకున్నా," అంది అమ్మ. గొంతు హెచ్చించలేదు. "ఇక్కడ నొప్పి, అక్కడ మంట... డాక్టరుకి చెప్పమని రాస్తున్నాడు కాబోలనుకున్నా. నాకు చదవడం రాదని ఆ పుస్తకంలో నా చాటున ఇంత భాగోతం నడుస్తోందా?"

"అమ్మాయ్, ఊరుకో," అంది అత్త.

"ఊరుకునే ఉన్నా వదినా. నెల నుంచీ ఆయన ఎదురుగా కూర్చుని ఊరుకునే ఉన్నా. నాకేమైనా చెప్పాడా? చేతులతో చెప్పొచ్చు. నేను గుడ్డిదాన్ని కాదుగా."

బెంచీ మీద పుస్తకం అటూ ఇటూ మారుతున్నప్పుడు, అమ్మకి కూడా ఒక మాట కావాలని నాకు ఒక్కరోజూ తోచలేదు.

నాన్న దగ్గరికెళ్ళి నేల మీద కూర్చున్నాను.

"నాన్నా, గ్యాసు కటింగులో ఇనుము ఎర్రగా కాలాక ఏం చేస్తావు?"

ఆయన కుడిచేతి బొటనవేలు కొంచెం వంగింది. కటింగు టార్చికి ఒక మీట ఉంటుంది. అది నొక్కితేనే ఆక్సిజన్ దూకి ఇనుము తెగుతుంది. చిన్నప్పుడు షెడ్డు గుమ్మంలో కూర్చుని వెయ్యిసార్లు చూశాను.

"ఆ మీట నొక్కకపోతే? ఎంతసేపు కాల్చినా ఎర్రబడుతుంది, మంట తియ్యగానే నల్లబడుతుంది, చల్లారాక మళ్ళీ అదే ఇనుము. తెగదు. నువ్వే రాశావు, నేర్చుకునే రోజుల్లో సిలిండరు ఖాళీ అయిందని తెలియక పూటంతా ఇనుము కాల్చి తిట్లు తిన్నావని. నీ గొంతులో అదే జరుగుతోంది నాన్నా. కరెంటు కాలుస్తోంది. ఆక్సిజన్ని పొగ ఆపేస్తోంది. పన్నెండుసార్లు మనం సిలిండరు కట్టేసి మంట పెట్టించాం. కట్టేసింది నేనే."

అత్త నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అమ్మకి గ్యాసు కటింగు తెలుసు, మొగుడి పని ఆవిడకి తెలియకుండా పోదు. గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"ఇక తేను," అన్నాను. "సోమవారం మిషనక్కకి కూడా చెప్తా, ఎన్ని రోజులు తాగావో. డాక్టరుకీ చెప్తా. పదిహేను ఉన్నాయి. గడ్డ లోపల గాలి తగలని కణాలు ఇంకా దొరకొచ్చు."

నాన్న కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను చూడలేదు. తలుపు వైపు, బాబాయి వెళ్ళిన వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. తమ్ముడి ముందు మూసేసిన పుస్తకం ఇప్పుడు తెరిచాడు. రాశాడు. అక్షరాలు కిందికి జారాయి. కాగితం నావైపు తిప్పాడు.

"ఏం రాశాడు?" అంది అమ్మ.

నేను చదువుకున్నాను. రెండే మాటలు.

"చదవవే. ఏం రాశాడు?"

అమ్మ నన్ను చదివి పెట్టమని అడగడం అదే మొదటిసారి. ఏం చెప్పినా నమ్ముతుంది. "తప్పైపోయిందని రాశాడు" అనొచ్చు. ఇంట్లో ఆ సాయంత్రానికి కాస్త చల్లబడుతుంది. నాన్న నన్నే చూస్తున్నాడు, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు.

"సోమవారం రాను," అని చదివాను.

"రానంటే? తమ్ముడూ, రానంటే ఎలారా?" అత్త లేవబోయింది. "మధ్యలో ఆపితే అసలుకే మోసమని డాక్టరు చెప్పలేదూ?"

నాన్న అప్పటికే లేచాడు. పుస్తకం కుర్చీ మీద పెట్టాడు. నాకివ్వలేదు, తనతో తీసుకెళ్ళలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, లోపలి గది వైపు నడిచాడు. అమ్మ లేవలేదు. అమ్మ ఆ పుస్తకాన్నే చూస్తోంది.

నేను వెనకాలే వెళ్ళాను. గుమ్మం దగ్గర ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. నాన్న లోపలికెళ్ళి ఇటు తిరిగి తలుపు మీద చెయ్యి వేశాడు.

"నాకు తప్ప ఎవరికీ చెప్పలేనన్నావు. అందరికీ చెప్పేశా. తిట్టు నాన్నా," అన్నాను. "రాసి తిట్టు."

ఆయన పెదవులు కదిలాయి. గాలి కూడా బయటికి రాలేదు.

"నీ పక్కన కూర్చోడానికైనా వస్తా. బెంచీ మీద. ఏం రాయక్కర్లేదు. నేనేం అడగను. సోమవారం వస్తావు కదా?"

తలుపు కదిలింది, ఆగింది. నా వేళ్ళు ద్వారబంధం మీద ఉన్నాయి. నాన్న వాటిని చూశాడు. వంగి, ఒక్కొక్క వేలే మెల్లగా విడదీసి, నా చేయి నాకు ఇచ్చేశాడు.

అప్పుడు తలుపు వేశాడు.